యాదలక్ష్మి నడిపిన రెండో ర్యాలీ

యాదలక్ష్మి గొంతు ఎంత దూరం వినపడుతుందనే విషయం మీద మా కాలనీలో రెండు వర్గాలున్నాయి. కొత్తపేట చౌరస్తా దాకా అని ఒక వర్గం. గాలి అటు వీస్తే విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ దాకా అని ఇంకో వర్గం. ఆమెనే అడిగితే, "ఎల్బీనగర్ దాక ఇనబడ్తది గని, ఆడ బస్సుల మోతల ఎవ్వలు పట్టించుకోరు" అంటుంది, నవ్వకుండా.

ఆమెది రామన్నపేట దగ్గర చిన్న ఊరు. పెళ్ళయిన ఏడాదే భర్త సైదులు వెంట పట్నం వచ్చింది. అప్పుడు పండ్ల మార్కెట్ కొత్తపేటలోనే ఉండేది. సైదులు అక్కడ హమాలీ. ఆమె బత్తాయి కుప్పల దగ్గర కూర్చుని మంచివీ మెత్తబడ్డవీ వేరుచేసేది. ఒకరోజు కమీషన్ ఏజెంటు దగ్గర వేలంపాట పాడే మనిషికి గొంతు పోయింది. "యాదలక్ష్మీ, జర ఒక కేకెయ్యి" అన్నాడాయన సరదాకి. ఆమె వేసింది. పక్క వరసలో బేరం ఆడుతున్న వాళ్ళంతా సరుకు వదిలేసి ఇటు పరుగెత్తుకొచ్చారు, ఏదో ప్రమాదం జరిగిందనుకుని. వచ్చినవాళ్ళు వచ్చినట్టు బత్తాయిలు కొన్నారు. ఆ రోజు నుంచి ఆమె ఏరే పని మానేసి కేకలేసే పనిలో కుదిరింది.

తర్వాత మార్కెట్ బాటసింగారం వెళ్ళిపోయింది. సైదులు ఇప్పటికీ తెల్లారకముందే ఏదో ఒక ఆటో పట్టుకుని హైవే మీద అక్కడికి పోతాడు, వచ్చేటప్పుడు సరుకు వేయించుకొస్తాడు. యాదలక్ష్మి మాత్రం మా కాలనీ మలుపులో తోపుడు బండి పెట్టుకుంది. "మార్కెట్ పోతే పోనీ. గొంతు నా ఎంటనే ఉన్నది గద" అంది.

ఆ గొంతు సంగతి పార్టీల వాళ్ళకు కూడా తెలిసింది. ఎన్నికలొస్తే నినాదాలివ్వడానికి ఆమెను పిలవని పార్టీ లేదు. అందరికీ పోయేది. "జెండా వాళ్ళది, గొంతు నాది" అనేది. ఒకసారి పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం ఇంకో పార్టీకి పోయి, సాయంత్రం సభలో పొద్దుటి నాయకుడికి జిందాబాద్ కొట్టింది. జనం కూడా గమనించకుండా జిందాబాద్ అన్నారు. వేదిక మీది నాయకుడొక్కడే ఉలిక్కిపడ్డాడు. ఈ కథ ఆమె బత్తాయిలు తూస్తూ మాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆ నాయకుడి ముఖం కొత్తగా పెట్టి చూపించేది.

ఆమె బండి పెట్టే మలుపు పక్కనే ఒక అపార్ట్‌మెంటు కడుతున్నారు. టైల్స్ పనికి బీహార్ నుంచి కొందరు వచ్చి అక్కడే రేకుల షెడ్డులో ఉండేవాళ్ళు. వాళ్ళలో సుదామా అనే బక్కపల్చని కుర్రవాడు రోజూ సాయంత్రం బాగా పండిన అరటిపండ్లు అడిగి కొనుక్కునేవాడు. యాదలక్ష్మి పండ్ల మార్కెట్ హిందీ, సుదామా పది నెలల తెలుగు, ఆ రెండూ కలిసి ఒక కొత్త భాష తయారైంది. అందులో వాళ్ళిద్దరూ ధర దగ్గర నుంచి అతని ఊళ్ళో వరద దాకా అన్నీ మాట్లాడుకునేవారు. అతను ఆమెను "అక్కా" అనేవాడు. కుచేలుడి పేరు కదా అని ఆమె అతన్ని "ఓ సుదామా, అటుకులు తెచ్చినవా" అని ఆటపట్టించేది.

ఆషాఢం సేల్ రోజుల్లో జరిగింది సంగతి.

వాసంతి అనే అమ్మాయి మా వెనక వీధిలో తల్లి కిష్టమ్మతో రెండు గదుల పోర్షన్లో ఉంటుంది. పోచంపల్లి వైపు వాళ్ళు. తండ్రి లేడు. తల్లి మిషన్ కుడుతుంది, పిల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో సేల్స్ చేస్తుంది. సేల్ కాబట్టి ఆ రోజు కాస్త చీకటిపడ్డాక వచ్చింది. వీధిలో కరెంటు లేదు. ఇంటి గేటు ఇంకా నాలుగిళ్ళ అవతల ఉందనగా హెల్మెట్ పెట్టుకున్నవాడొకడు కత్తితో మీద పడ్డాడు. ఆమె కుడిచెయ్యి అడ్డం పెట్టింది. అరచెయ్యీ ముంజేయీ తెగాయి, భుజం మీద ఇంకో గాయమైంది. అరుపులు విని జనం వచ్చేసరికి వాడు బండెక్కి పారిపోయాడు. పిల్లను ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణానికి భయం లేదన్నారు గానీ, చేతికి ఆపరేషన్ చెయ్యాలన్నారు.

వాడెవడు? చూసినవాళ్ళు లేరు. విన్నవాడు ఒకడున్నాడు. ఇస్త్రీ బండి లచ్చయ్య. "చీకట్ల గొంతు ఇనబడ్డది. 'హట్' అన్నట్టు ఇన్న" అన్నాడు.

హైదరాబాదులో కుక్కను అదిలించాలన్నా, ఆటోవాడు పక్కకు జరగాలన్నా, మొగుడి మీద విసుగు పుట్టినా "హట్" అనే అంటారు. అయినా ఆ రాత్రి ఆ ఒక్క మాట హిందీ అయిపోయింది. హిందీ కాస్తా బీహార్ అయింది. మా కాలనీ సంఘం కార్యదర్శి జోగారావు గారు గోదావరి జిల్లా నుంచి ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. ఆయన వాట్సాప్ గ్రూపులో పెట్టారు: "మన ఆడపిల్లపై బయటి రాష్ట్రం వ్యక్తి దాడి. అందరూ అప్రమత్తంగా ఉండగలరు." తెల్లారేసరికి ఆ వ్యక్తి ముఠా అయ్యాడు. ఎవరో ఎక్కడిదో వీడియో పెట్టారు. ఎవరో వాళ్ళందరి ఆధార్ కార్డులు చూడాలన్నారు. ఎవరో వాళ్ళకసలు షెడ్డు ఎవరిచ్చారని అడిగారు. ఎన్నడూ నోరు విప్పని వాళ్ళు కూడా ఆ రోజు గ్రూపులో విప్పారు.

పొద్దున కొందరు కుర్రాళ్ళు షెడ్డు మీదికి పోయి ఇద్దరిని కొట్టారు. పోలీసులు వచ్చి సుదామాతో పాటు ఇంకొందరిని విచారణకు తీసుకుపోయారు. సాయంత్రానికి వదిలిపెట్టారు. వదిలిపెట్టిన సంగతి గ్రూపులో ఎవరూ పెట్టలేదు.

అదే సాయంత్రం కొవ్వొత్తుల ర్యాలీ. సంఘం అధ్యక్షుడు కోదండం దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల హోల్‌సేల్ వ్యాపారం చేస్తాడు. మంచి మనిషి, పదిమంది పనులు మీదేసుకునే మనిషి. ఫ్లెక్సీ ఆయనే కొట్టించాడు. మైకు తెచ్చి యాదలక్ష్మి చేతిలో పెట్టాడు.

"ఇయ్యాల నీ గొంతు అసెంబ్లీ దాక పోవాలె."

"పోతది సేటూ. మీరు ఎనకకెల్లి అందియ్యుండ్రి, చాలు" అంది యాదలక్ష్మి.

కాలనీ అంతా వచ్చింది. అంతమంది ఉన్నారని మాకే అప్పటిదాకా తెలియదు. కోదండం వెనక నుంచి మాట అందించడం, యాదలక్ష్మి ఎత్తుకోవడం, జనం అందుకోవడం.

"వాసంతికి—"

"న్యాయం కావాలి!"

"దోషిని—"

"శిక్షించాలి!"

"బయటోళ్ళు—"

"బయటికి పోవాలి!"

మూడో నినాదానికి ప్రాస కుదిరింది. జనానికి అదే నచ్చింది. మళ్ళీ అదే అడిగారు. యాదలక్ష్మి గొంతు కూడా దాని మీద బాగా పలికింది. అలా పలుకుతూనే షెడ్డు ముందుకు వచ్చారు. రేకు వెనక నుంచి సుదామా తొంగి చూస్తున్నాడు. పెదవి వాచి ఉంది. చూపు జనం మీద లేదు, మైకు పట్టుకున్న అక్క మీద ఉంది.

"బయటోళ్ళు—" అని యాదలక్ష్మి సగంలో ఆగింది. దగ్గు వచ్చినట్టు దగ్గింది. కొత్తపేట మార్కెట్ రోజుల నుంచి ఆ గొంతు మధ్యలో ఆగడం అదే మొదటిసారి. జనం గమనించలేదు, మిగతా సగం వాళ్ళే అనేశారు.

మర్నాడు షెడ్డు ఖాళీ. కాంట్రాక్టరు వాళ్ళను పెద్ద అంబర్‌పేట్‌లో ఇంకో పనిచోటుకు తరలించాడని వాచ్‌మన్ చెప్పాడు. యాదలక్ష్మి అరటిపండ్ల గెల వైపు చూసి, బండిని పక్కింటామెకు అప్పజెప్పి, బత్తాయిలు సంచిలో పోసుకుని వాసంతిని చూడటానికి దవాఖానకు పోయింది.

వాసంతి మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. కిష్టమ్మ పక్కన స్టూలు మీద ఉంది. యాదలక్ష్మి పిల్ల తల నిమిరి, అడగలేక అడిగింది.

"ఆ బీహారోని మొఖం చూసినవా, బిడ్డా?"

"ఏ బీహారోడక్కా?" అంది వాసంతి.

"అదే... కత్తిపెట్టి కొట్టినోడు."

వాసంతి తల్లి వైపు చూసి, మళ్ళీ యాదలక్ష్మి వైపు చూసింది. "నరేష్ కదక్కా. కోదండం సేటు దుకాణంల ఉంటడు చూడు, ఆయన భార్య తమ్ముని కొడుకు. నరేష్‌కుమార్. పెండ్లి చేసుకుంటనని నా ఎంబడి పడ్డడు. నాకిష్టం లేదన్న. హెల్మెట్ పెట్టుకుంటే గొంతు గుర్తుపట్టనా?"

యాదలక్ష్మి సంచి కింద పెట్టింది. "మరి హట్ అన్నడంట?"

"అన్నది నేనక్కా! హట్ అని తోసిన వాన్ని."

యాదలక్ష్మికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పోలీసులకు చెప్పినవా?"

"స్పృహొచ్చినప్పుడే చెప్పిన. వాని కోసమే తిరుగుతున్నరట."

"మరి మన కాలనీల ఎవ్వలకు చెప్పలేదేందే?"

"ఎవరడిగిన్రు?"

నిజమే. అంతమంది నడిచారు, ఒక్కరు కూడా దవాఖానకు వచ్చి పిల్లను అడగలేదు. కిష్టమ్మే మళ్ళీ అంది. "గట్లనకు బిడ్డా. అక్కా, నీ ర్యాలీ ఫోన్ల చూసిన. మా కోసం గింతమంది ఉన్నరా అని ఒకటే ఏడ్చిన. మొగదిక్కు లేని కొంపనుకున్న గని, కాలనీయే ఉన్నది మాకు. ఆదివారం ఎల్బీనగర్ చౌరస్తా దాక ఇంకోటి తీస్తరంట గద. చెయ్యి జర నయమైతే నేను గూడ ఒస్త అంటున్నది ఇది."

యాదలక్ష్మి బత్తాయి ఒకటి వలిచి తొన తొనగా వాసంతి నోట్లో పెట్టి, తిరిగొచ్చింది.

ఆ మరుసటి రోజే నరేష్‌ను తుర్కయంజాల్‌లో స్నేహితుడి గదిలో పట్టుకున్నారు. కత్తి దొరికింది, వాడు ఒప్పుకున్నాడు. టీవీలో వచ్చింది.

ఆ రోజు మా గ్రూపు చూడాలి మీరు. పొద్దున పూల బొమ్మలు పెట్టేవాళ్ళు కూడా ఆ పొద్దు పెట్టలేదు. మధ్యాహ్నానికి ఒకరు "చాలా బాధాకరం" అని పెట్టారు. ఎవరికి బాధో రాయలేదు. తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. ప్రేమ వ్యవహారమట. క్షణికావేశమట. వినాయక చవితికి మండపం మొత్తం తానే వేసేవాడట, అలాంటి పిల్లవాడు. ఆ అమ్మాయి ఏమందో మనకేం తెలుసు. ఇది రెండు కుటుంబాల విషయం, మనం మధ్యలో దూరడం సభ్యత కాదు. నిన్నటిదాకా వాసంతి "మన ఆడపిల్ల". ఇప్పుడు "ఆ అమ్మాయి".

శనివారం సాయంత్రం జోగారావు గారి సందేశం: "వాతావరణ పరిస్థితుల దృష్ట్యా రేపటి ర్యాలీ వాయిదా వేయడమైనది."

ఆదివారం ఎండ పెళపెళ కాసింది. ఆషాఢంలో అలాంటి ఎండ మళ్ళీ చూడలేదు.

యాదలక్ష్మి గ్రూపులో లేదు. ముందు అనుకున్న వేళకే ఆమె బండితో సంఘం గది ముందు నిలబడింది. ఎవరూ రాలేదు. కిష్టమ్మ ఫోన్ చేసింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చామనీ, నరేష్ తండ్రి పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చి కూర్చున్నాడనీ, రాజీ అంటున్నారనీ. "కేసు వాపస్ తీసుకొమ్మంటున్రక్కా. పిల్లగాని జిందగీ ఖరాబైతదంటున్రు. నువ్వు జర రారాదు" అంది.

యాదలక్ష్మి నేరుగా కోదండం ఇంటికి పోయింది. ఆయన గేటు దగ్గరే ఉన్నాడు, రెండు రోజుల గడ్డంతో.

"సేటూ, మైకేది?"

"వాయిదా పడ్డది గద యాదలక్ష్మి. వాన..."

ఆమె తలెత్తి ఆకాశం వైపు చూసింది. ఆయన కూడా చూశాడు. చూసి తల దించుకున్నాడు.

"ఎవడో తెల్వనప్పుడు వీధంత నిండింది. ఎవడో తెలిసినంక ఒక్కలు లేరు. ఏంది సేటూ ఇది?"

"నీకు తెల్వంది కాదు. వాడు మా ఇంటి పిల్లగాడు. మనోడు. తప్పు చేసిండు, కాదంటలేను. కోర్టు చూసుకుంటది. మనం రోడ్డెక్కుడెందుకు?"

"మనోడైతే కత్తి మొద్దువారుతదా? ఆ పిల్ల చెయ్యి తక్కువ తెగిందా?"

కోదండం గేటు గొళ్ళెం పట్టుకున్నాడు. ఆమె గొంతు తగ్గించింది. యాదలక్ష్మి గొంతు తగ్గిస్తే మామూలు మనుషులు మాట్లాడినట్టుంటుంది. "నాకు మీ మీద కోపం లేదు సేటూ. మీ పరేషాన్ నాకు తెలుసు. కని మొన్న ఆ పిల్ల తల్లి మనల చూసి ధైర్యం చేసుకున్నది. ఇయ్యాల పోకపోతే మనం మొన్న నడిచింది ఆ పిల్ల కోసం గాదని తేలుతది."

అని సంఘం గదికి వచ్చి, మూలన చుట్టి పెట్టిన ఫ్లెక్సీ తీసి బండి ముందు కట్టసాగింది. అప్పుడే జోగారావు గారు అటు వచ్చారు.

"సార్, దీని మీద ఏం రాసున్నదో జర సదువుండ్రి" అంది.

"వాసంతికి న్యాయం కావాలి" అని చదివారాయన. కింది వరస దగ్గర ఆగారు. "బయటివారి అరాచకాలు నశించాలి."

"కింద వరస కోసెయ్యుండ్రి సార్."

ఆయన కత్తెర తెచ్చారు. కోస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు. "ముప్ఫై ఏళ్ళయిందండీ ఈ ఊరొచ్చి. నన్నూ ఒకప్పుడు బయటివాడనే అన్నారు. ఉద్యమం రోజుల్లో మా వీధిలోనే నినాదాలిచ్చారు. మా ఆవిడ తలుపులేసుకుని కూర్చుంది. ఆ సంగతి నేనే ఎలా మర్చిపోయానో."

"అప్పుడు గూడ మైకు నా చేతులనే ఉండె సార్" అంది యాదలక్ష్మి.

జోగారావు గారు కత్తెర ఆపి ఆమె ముఖంలోకి చూశారు. ఆమె ముఖం ఎంతో అమాయకంగా పెట్టింది. ఆయనకు నవ్వాగలేదు. "అందుకేనా, ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందని ఇన్నేళ్ళూ అనుకుంటున్నాను! పద, నడుస్తాను" అన్నారు.

అలా మొదలైంది రెండో ర్యాలీ. ఒక తోపుడు బండి, ఒక ఫ్లెక్సీ, ఇద్దరు మనుషులు.

మైకు లేదు. యాదలక్ష్మికి అవసరమూ లేదు. "వాసంతికీ..." అని ఎత్తుకుంది. జోగారావు గారు "న్యాయం కావాలండీ" అన్నారు. అలవాటు మరి. మొదటి వీధిలో గేట్లు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు సంచులు పట్టుకుని వచ్చారు.

"బత్తాయి ఎట్లిస్తున్నవు యాదలక్ష్మీ?"

"ఇయ్యాల అమ్ముతలేనమ్మా, కిష్టమ్మ ఇంటికి నడుస్తున్న. ఒస్తే రా."

సంచులు పట్టుకున్న వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కొందరు లోపలికి పోయారు. కొందరు సంచులు చంకన పెట్టుకుని బండి వెనక నడిచారు. ఉత్త సంచితో పోవడం బాగుండదని ఒకామె నడుస్తూనే పండ్లు ఏరుకుంది.

అపార్ట్‌మెంటు మలుపులో సుదామా కనిపించాడు. షెడ్డులో వదిలేసిపోయిన టైల్స్ కోసే మిషన్ తీసుకుపోవడానికి వచ్చాడట. జనాన్ని చూసి మిషన్ కింద పెట్టి రేకు వెనక్కి జరిగాడు. యాదలక్ష్మి బండి ఆపి అతని దగ్గరికి పోయింది.

"సుదామా, మాఫ్ కర్ రే భాయ్. మొన్న నేను అన్నది గలత్. నేను సోచాయించలే. నోటికొచ్చిందని అన్న."

అతను కాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. "అందరు అన్నరు అక్కా. కని నీ గొంతు పెద్దది. అందుకే ఎక్కువ తగిలింది."

"మరి తిట్టు. నువ్వు గూడ తిట్టు, లెక్క సరిపోతది."

సుదామా ఆలోచించాడు. అతనికొచ్చిన తెలుగులో తిట్లన్నీ ఆమె నేర్పినవే. చివరికి, "నీ అరటిపండ్లు మస్తు మెత్తగుంటయి" అన్నాడు. ఆమె నెత్తి కొట్టుకుని నవ్వింది. అతనూ నవ్వాడు, వాచిన పెదవి నొప్పి పుట్టేదాకా. తర్వాత బండి ఒక పక్క తోయడానికి చెయ్యి వేశాడు.

కోదండం ఇంటి ముందుకు రాగానే యాదలక్ష్మికి తెలియకుండానే గొంతు తగ్గింది. గేటు తెరిచి కోదండం భార్య మల్లమ్మ బయటికొచ్చింది. నరేష్‌కు మేనత్త ఆమె. తల్లి లేని పిల్లవాణ్ణి తెచ్చుకుని సొంత కొడుకులా పెంచింది. కళ్ళు వాచి ఉన్నాయి. అందరూ నిలబడిపోయారు. ఆమె వచ్చి సుదామా ఎదురుగా బండికి రెండో పక్క పట్టుకుంది.

"అన్నం పెట్టి పెంచినదాన్ని. ఆడపిల్ల వద్దంటే వద్దే అని చెప్పకపోతి. నడుస్త" అంది.

యాదలక్ష్మి ఫ్లెక్సీ ముడి సరిచేస్తూ నిలబడింది.

"ఆపినవేందే యాదలక్ష్మీ? అను."

"వాసంతికి—" అంది యాదలక్ష్మి.

"న్యాయం కావాలె" అన్న గొంతుల్లో మల్లమ్మది కూడా ఉంది. ఆ తర్వాత వీధిలో గేట్లు తెరుచుకోవడం ఎక్కువైంది. మేనత్తే నడుస్తుంటే మనకేంటి అభ్యంతరం అనుకున్నారేమో. మొదటి ర్యాలీకి వచ్చినంతమంది రాలేదు, సగం కూడా రాలేదు. కొవ్వొత్తులూ లేవు. కానీ ఈసారి ఎక్కడికి పోతున్నామో అందరికీ తెలుసు.

కిష్టమ్మ ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో పెద్దమనుషులు కూర్చుని టీ తాగుతున్నారు. మధ్యలో నరేష్ తండ్రి. వాసంతి గడప మీద నిలబడి ఉంది, కట్టు చెయ్యి మెడకు వేలాడేసుకుని. బండి వచ్చి గేటుకు అడ్డంగా ఆగింది. పెద్దమనుషులు అంతమందిని చూశారు. అందరికంటే ముందు మల్లమ్మను చూశారు.

"తమ్ముడూ, లే" అంది మల్లమ్మ. "ఇంటికి పోదాం. వాడు చేసిందానికి వాడే జవాబు చెప్తడు. గీ పిల్లను అడిగేతందుకు మనకు మొఖం లేదు."

"అక్కా, వాని జిందగీ..."

"దీని చెయ్యి చూసినవా?"

ఆయన చూడలేదు. అప్పుడు చూశాడు. లేచాడు. మిగతావాళ్ళు సగం టీ గ్లాసులు అరుగు మీద పెట్టేసి ఎంత తొందరగా లేచారంటే, ఒక పెద్దమనిషి ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి ఇంకొకరి చెప్పు వేసుకుని పోయాడు. ఆ ఇంకొకాయన సాయంత్రం దాకా వీధిలో వెతుక్కున్నాడు.

వాసంతి గడప దిగి వచ్చింది. జనంలో కొందరు ఆమె ముఖంలోకి చూడలేక ఫ్లెక్సీ వైపు చూశారు. ఆమె సుదామా పెదవి చూసి, "నా వల్ల నీకు దెబ్బలు పడ్డయంట అన్నా" అంది. "నీ వల్ల గాదు బహెన్" అన్నాడతను. అంతకంటే ఎక్కువ మాట్లాడేంత తెలుగు అతని దగ్గర లేదు. యాదలక్ష్మి బండి మీది బత్తాయిలన్నీ అక్కడే పంచిపెట్టింది. మళ్ళీ "కిలో ఎంత" అని అడిగిన మనిషికి మాత్రం ఇవ్వలేదు.

మరునాడు కోదండం పోలీస్ స్టేషన్‌కు పోయి ఇంకో సంగతి చెప్పి వచ్చాడు. నెల కిందట కిష్టమ్మ తన దుకాణానికి వచ్చి, మీ పిల్లగాడు మా పిల్ల వెంటబడుతున్నాడని మొర పెట్టుకుందట. వయసులో ఇవన్నీ మామూలేనని నవ్వి పంపేశాడట. ఆ మాట తానే సాక్ష్యంగా రాయించి సంతకం పెట్టాడు. తిరిగొచ్చి గ్రూపులో ఒకే ముక్క పెట్టాడు: "షెడ్డులో పనివాళ్ళను కొట్టిన మన పిల్లలు పోయి క్షమాపణ చెప్పాలి. నేనూ వస్తా." ముగ్గురు పోయారు. ఒకడు రాలేదు. వాడి తరపున వాడి తల్లి పోయింది.

మల్లమ్మ ఇప్పుడు కూడా ములాఖత్ రోజున జైలుకు పోయి నరేష్‌ను చూసి వస్తుంది. వచ్చేటప్పుడు యాదలక్ష్మి బండి దగ్గర ఆగి కాసేపు కూర్చుంటుంది. ఏం మాట్లాడుకుంటారో మాకు వినపడదు. యాదలక్ష్మి రోజూ గొంతు తగ్గించి మాట్లాడేది కాలనీలో ఆమె ఒక్కదానితోనే.

కేసు కోర్టులో నడుస్తోంది. వాసంతి మళ్ళీ షాపుకు పోతోంది. చీర మడత ఎడమచేత్తో పెట్టడం నేర్చుకుంది. కుడిచేతి వేళ్ళు ఆడిస్తూ ఉండాలని, ఎంత ఆడిస్తే అంత మంచిదని డాక్టరు చెప్పాడు. దాంతో, హ్యాండిల్ తిప్పుతుంటే వేళ్ళు వాటంతటవే ఆడతాయని కిష్టమ్మ ఒక పాత స్కూటీ కొనిపెట్టింది.

ఇప్పుడు ఆదివారం పొద్దున మా వెనక వీధిలో ఎవరూ నడవరు. వాసంతి స్కూటీ నేర్చుకుంటుంది. వేళ్ళు తొందరగా విచ్చుకోవు కాబట్టి ఒకసారి యాక్సిలేటర్ పడితే ఓ పట్టాన వదలదు. వెనక యాదలక్ష్మి కొంగు బిగించి పరుగెత్తుతూ, "జరగుండ్రీ! పిల్ల ఒస్తున్నదీ! ఓ జోగారావు సార్, పక్కకీ!" అని కేకలేస్తుంది. జోగారావు గారు పాల ప్యాకెట్లతో సహా ఇస్త్రీ బండి వెనక దూరతారు. వాసంతి నవ్వుతూ, బ్రేకు ఎక్కడుందో మర్చిపోయి, వీధి చివరి దాకా పోతుంది.